కాశీ గోవిందమ్మ, డిక్కీ తలుపు

పదో తరగతి లెక్కల పరీక్ష నన్ను చూసి భయపడి పారిపోయింది గానీ, లేకపోతే నేనీపాటికి చంద్రుడి మీదికి బస్సు నడుపుతుండేవాడిని. అది తప్పింది కాబట్టి మార్కాపురం నుంచి కాశీకి నడుపుతున్నాను. యాత్రల బస్సు. రెండో డ్రైవరుని. పేరుకే రెండో. మొదటివాడు స్టీరింగ్ పట్టుకుంటే బస్సు దగ్గుతుంది, నేను పట్టుకుంటే పాడుతుంది. ఒకసారి దోర్నాల ఘాట్ మలుపులో పెద్దపులి అడ్డంగా కూర్చుంటే హారన్ కొట్టాను. అది లేచి, పక్కకు జరిగి, పోనీయమన్నట్టు తోక ఊపింది. నమ్మనివాళ్ళు పోయి పులినే అడగండి.

అయితే ఇప్పుడు చెప్పేది నా గురించి కాదు, గోవిందమ్మత్త గురించి. ఇందులో నేనేమీ పెంచి చెప్పడం లేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

గోవిందమ్మత్తది రాచర్ల మండలంలో ఒక మెట్ట ఊరు. వాన పడితే కంది, పడకపోతే గొర్రెలు. పడని ఏళ్ళే ఎక్కువ కాబట్టి ఆమె మొగుడు కృష్ణయ్య మామ గొర్రెల వెనకే ముసలివాడయ్యాడు. మనుషులతో మాట్లాడటం మరిచిపోయి, ఏమడిగినా నాలుకతో టక్కుమనేవాడు. ఆ టక్కులో అవును, కాదు, అన్నం పెట్టు అన్నీ ఉండేవి. అత్త మాత్రం వంటలో మహా గట్టిది. ఆమె చింతపండు పులుసు వాసనకు గిద్దలూరు స్టేషన్లో రైలు ఒక నిమిషం ఎక్కువ ఆగుతుందని నేనే అందరికీ ప్రచారం చేశాను. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆమెనే పిలిచేవి.

ఆమెను బస్సెక్కించింది మా యజమాని కరుణాకరం. అదెట్లా జరిగిందో చెప్పాలంటే డిక్కీ గురించి చెప్పాలి.

యాత్రల బస్సుకు పై అంతస్తులో దేవుడుంటే కింది అంతస్తులో అన్నం ఉంటుంది. సీట్ల కింద, బస్సు పక్కగా ఉండే పెద్ద అరే డిక్కీ. గ్యాసు బండలు, పొయ్యిలు, బియ్యం మూటలు, కందిపప్పు, నూనె డబ్బాలు, గంగాళాలు అన్నీ అందులోనే. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ ఆ తలుపు పైకెత్తి, ఊతకర్ర పెట్టి, దాని నీడలోనే పొయ్యి వెలిగిస్తారు. యాత్రికులకు మా బస్సే ఇల్లు, ఆ డిక్కీయే వంటిల్లు.

మొదట్లో వంటకు కురిచేడు నుంచి ఇద్దరు మనుషులు వచ్చేవాళ్ళు. ఒక ఏడాది జబల్‌పూర్ దాటాక ఒక ధాబా ముందు రివర్స్ వస్తున్న లారీ మా డిక్కీ తలుపును గుద్దింది. ఒక మడత బందు ఊడింది, గడియ తాళంతో సహా విరిగిపోయింది, కింది అంచు అప్పడంలా ముడుచుకుపోయింది. కరుణాకరం నైలాను తాడు తెచ్చి కట్టించాడు. తిరుగు ప్రయాణంలో నాగపూర్ దగ్గర మేము నిద్రపోతుంటే, కురిచేడు వాళ్ళు మందు కోసం ఊళ్ళోకి పోయారు. వచ్చి చూసేసరికి తాడు విప్పేసి ఉంది. నూనె డబ్బాలు లేవు, పెద్ద గంగాళం లేదు. హైదరాబాదు దాకా యాత్రికులకు అటుకులే గతి.

కరుణాకరం ఇంటికి రాగానే ఆ ఇద్దరినీ మానిపించాడు. తలుపు మాత్రం చేయించలేదు. "తలుపు చేయిస్తే షెడ్డుకు ఇయ్యాల. కదలని మనిషిని పెట్టుకుంటే ఏమీ ఇయ్యబళ్ళే" అన్నాడు. ఆ కదలని మనిషి గోవిందమ్మత్త. దారి పొడవునా వండి పెట్టాలి, డిక్కీ చూసుకోవాలి. జీతం లేదు. దానికి బదులు కాశీకి సీటు. టిక్కెట్టు పెట్టుకొని కాశీకి పోవడం ఆమె ఇంటి తరం కాదు. అందుకే ఆ మాట వినగానే సంచి సర్దుకొని వచ్చేసింది. ఉతికిన చీర ఒకటి వేరే కవర్లో పెట్టుకుంది, గంగలో మునిగాక కట్టుకోవడానికి.

కాశీలో పెద్ద బస్సులను ఊళ్ళోకి రానివ్వరు. ఊరి బయట పార్కింగులో ఆపుకోవాలి. అక్కడినుంచి గంగ దగ్గరికి ఆటోల్లో పోవాలి. యాత్రికులు బిలబిలా దిగి ఆటోలెక్కారు. అత్త కూడా కవరు చంకలో పెట్టుకొని బయలుదేరింది.

"యాడికి గోవిందమ్మా?" అన్నాడు కరుణాకరం.

"గంగకన్నా. ఒక్క మునక మునిగి వచ్చేస్తా."

"మరి డిక్కీ?"

"తాడు గట్టిగా కట్టినా గదన్నా."

"నాగపూర్లో కూడా గట్టిగానే కట్టినారు. పోయిందేందో నీకు తెల్దా? ఇంతమందికి కూడు యాడ తెచ్చేది నేను? గంగ యాడికీ పోదులే. మళ్ళా ఏడు పోదువు గానీ."

డ్రైవర్లం మేముండలేదా అంటారా? రాత్రంతా నడిపినవాడు పార్కింగులో మనిషి కాదు, మూట. నేను నిద్రపోతే పక్కన పెళ్ళి బాజా మోగినా లేవను. కాశీ ఎద్దు ఒకటి నా మొహమంతా నాకి, రుచి నచ్చక వెళ్ళిపోయిందట. నాకు తెలియదు, ఎవరో చెప్పారు. మా నిద్ర మీద కరుణాకరానికి అసలే నమ్మకం లేదు.

అత్త ఊతకర్రకు ఆనుకొని కూర్చుంది. వంకాయలు కోసింది. మరుసటి ఏడూ అంతే. ఆ మరుసటి ఏడూ అంతే. ఆటోల్లో తిరిగొచ్చిన వాళ్ళ తడి బట్టలు బస్సు కిటికీలకు ఆరేసేది ఆమే. ఆ చీరల కొంగుల నుంచి కారే నీళ్ళే ఆమెకు కనిపించిన గంగ.

నేను ఊరుకునే రకం కాదు కదా. ఒకసారి నిద్ర లేచి, టీ అడుగుతూ ఎగతాళి చేశాను.

"ఏమత్తా, కాశీకొచ్చినోళ్ళు ఇష్టమైంది ఒకటి వదిలిపెట్టాలంట గదా. మా అమ్మ కాకరకాయ వదిలింది. నువ్వేం వదిలినావు?"

"ఏమీ వదల్లేదు రా అల్లుడా. ఈ తలుపు వదిలితే మీ కరుణాకరం నన్నొదుల్తాడు."

"అయితే ఈ తలుపే వదిలెయ్. నీకు ఇష్టమైంది ఇదే గదా."

"నీ నోట్లో వంకాయ పెట్టి కుట్టేస్తా" అంది. నవ్విందనే అనుకున్నాను. టీ గ్లాసు ఇచ్చేటప్పుడు చూస్తే మొహం అటు తిప్పుకొని ఉంది.

ఆ రోజే నాకు అసలు సంగతి చెప్పింది. మా వైపు కాశీకి పోయి వచ్చినవాళ్ళు ఊళ్ళో అడుగు పెడితే, ఊరి ఆడవాళ్ళు బిందెలతో ఎదురొచ్చి వాళ్ళ కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. గంగలో మునిగిన కాళ్ళు కదా. మొదటిసారి బస్సు రాచర్ల దగ్గర దింపినప్పుడే బిందెలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆమె నోరు తెరిచేలోపే కాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి.

"మా అత్త, లేవలేని మనిషి, పాక్కుంటా వచ్చి ఆ నీళ్ళు నెత్తిన పోసుకుంది రా. అప్పుడెట్ల చెప్పేది, నేను గంగ చూళ్ళేదని? పార్కింగులో వంకాయలు కోసి వచ్చినానని?"

అప్పుడు చెప్పలేదు కాబట్టి తరవాత కూడా చెప్పలేకపోయింది. ఊళ్ళో ఆమె పేరు కాశీ గోవిందమ్మ అయింది. పిల్లకు పేరు పెడితే మొదట ఆమె పిలవాలి. పునాది తీస్తే మొదటి రాయి ఆమె ముట్టాలి. కంది వేసేటప్పుడు మొదటి విత్తనాలు ఆమె చేత వేయించేవాళ్ళు. ఒప్పుకుంటే అబద్ధం, ఒప్పుకోకపోతే గర్వం. ప్రతి ఏడూ ఈసారైనా ఒక్కసారి మునిగితే, వెనకటి అబద్ధాలన్నీ నిజమైపోతాయని బస్సెక్కేది. మునగకుండానే దిగేది. మళ్ళీ బిందెలు.

"ఆ నీళ్ళు చల్లగా ఉండవురా, కాల్తాయి" అంది.

ఈ ఏడు మాఘమాసం యాత్రకు ముందు ఆమె ఒక తీర్మానానికి వచ్చింది. తలుపు బాగైతే తాళం పడుతుంది. తాళం పడితే కాపలా అక్కర్లేదు. కాపలా అక్కర్లేకపోతే గంగకు పోవచ్చు. లెక్క సరిగ్గానే ఉంది. లెక్కల్లో తప్పినవాడిని, నాకే అది తిరుగులేనిదిగా కనిపించింది.

కరుణాకరాన్ని అడిగితే, "తాడుంది గదా, ఏమైందిప్పుడు?" అన్నాడు. బస్సు ఆయిల్ మార్చడానికి మార్కాపురంలో షెడ్డుకు వచ్చిన రోజు కనుక్కొని, ఆమే రాచర్ల నుంచి ఆటోలో దిగింది. చేతిలో పలుపు, పలుపు చివర పొట్టేలు. కృష్ణయ్య మామ మందలో అందరికన్నా బలిసిన పొట్టేలు అది. ఆటోలో దానికే సీటిచ్చి ఆమె కింద కూర్చున్నట్టుంది, చీరంతా దుమ్ము.

షెడ్డు అబ్రహాముది. వెల్డింగు, రేకు పని. మనిషి సన్నం, సుత్తి లావు.

"తమ్ముడా, ఈ తలుపు బాగు చెయ్యాల. డబ్బుల్లేవు. దీన్ని పెట్టుకో."

"నాకు పొట్టేలెందుకక్కా?"

"క్రిస్మస్ వస్తాది గదయ్యా. మీ వాళ్ళందరికీ బిర్యానీ పెట్టుకో. కావాలంటే నేనే వచ్చి వండుతా."

"మావ ఒప్పుకున్నాడా?" అని నేను అడ్డం తగిలాను.

"టక్కుమన్నాడు. నేను అవుననే అనుకున్నా."

అబ్రహాము తాడు విప్పి తలుపెత్తి చూశాడు. "అక్కా, ఇది తలుపు కాదు, జల్లెడ. కింద రేకంతా తుప్పు పట్టి పోయింది. చట్రం వంకర. ఒక బందే ఉండాది, అది కూడా దేవుని దయ."

"అయితే కొత్తగా చెయ్యి. గట్టిగా చెయ్యి తమ్ముడా. మనిషి కాపలా అక్కర్లేనంత గట్టిగా చెయ్యి."

ఆ మాట నేను చెవులారా విన్నాను.

అబ్రహాము పని చూడాలి. తుప్పు పట్టిన కింది భాగాన్ని కోసి పారేశాడు. చట్రాన్ని నిప్పు చూపించి, కొడుతూ, తాడు పట్టి చూస్తూ నిటారు చేశాడు. కొత్త రేకు ముక్క అతికించేముందు దాన్ని షెడ్డులోని పెద్ద పలకరాయి మీద పరిచాడు. మార్కాపురంలో ఇళ్ళ కింద, కాళ్ళ కింద, ఎక్కడ తవ్వినా ఆ రాయే. అద్దంలా చదునుగా ఉంటుంది. రేకును దాని మీద పెట్టి చుట్టూ వేళ్ళతో తట్టి వింటాడు. ఎత్తుపల్లం ఉన్నచోట గలగలమంటుంది. అక్కడ చెక్క సుత్తితో సర్ది మళ్ళీ తడతాడు. మొత్తం రేకు నోరు మూసుకున్నాకే వెల్డింగు పెట్టాడు. అత్త పక్కనే కూర్చొని అతనితో పాటు చెవి ఒగ్గి వింది.

"ఇక్కడ ఇంకా మాట్లాడతాంది తమ్ముడా" అని వేలు పెట్టి చూపించేది.

"అక్కా, నువ్వు షెడ్డుకు రా, వంట మానెయ్" అన్నాడు అబ్రహాము.

కొత్త బందులు వేశాడు. అంచు చుట్టూ రబ్బరు వేశాడు. లోపల గడియ రెండు వైపులా పడేట్టు చేసి, బయట తాళం బిగించాడు. చివరికి రంగు. ఆ తలుపు మూస్తే వచ్చిన శబ్దానికి చెన్నకేశవుడి గుడి గోపురం మీద పావురాలు లేచాయి. మధ్యలో రెండు బజార్లున్నా లేచాయి. అత్త తానే మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. తాళంచెవి తిప్పి లాగి చూసింది. కదల్లేదు. ఆమె మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

"అల్లుడా, ఈసారి నువ్వు నిద్రపోయినా ఫర్వాలేదు రా" అంది.

సాయంత్రం కరుణాకరం వచ్చాడు. తలుపు చుట్టూ తిరిగాడు. తాళం వేసి, కాలితో తన్ని చూశాడు. "భలే చేసినావు అబ్రహామూ" అన్నాడు. "దీన్ని ఏనుగు గుద్దినా ఊడదు." అత్త అప్పటికే ఆఖరి ఆటోకు వెళ్ళిపోయింది. కరుణాకరం తలుపు మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. ఏదో లెక్క వేస్తున్నాడని తెలిసింది. ఏ లెక్కో తెలియలేదు.

తెలిసింది బయలుదేరే రోజున. మార్కాపురంలో బస్సు ముందు గుమ్మడికాయ కొట్టి, మూటలు ఎక్కిస్తున్నారు. ఎక్కిస్తున్నది కురిచేడు వాళ్ళు. ఆ పాత ఇద్దరే. అత్త సంచితో, చంకలో కవరుతో వచ్చి నిలబడింది.

"వీళ్ళెవురన్నా?"

"వంటోళ్ళు గోవిందమ్మా. పాతోళ్ళే." కరుణాకరం చేతులు తుడుచుకున్నాడు. "తాళం పడింది గదా ఇప్పుడు. కాపలా అక్కర్లేదు. వీళ్ళకు సీటు కూడా అక్కర్లే, వెనక బెంచీ మీద పడుకుంటారు. నీ సీటు టిక్కెట్టుకు పోయింది, వీళ్ళ కూలికి అదే చాలు. మీ ఊరి వెంకటసుబ్బులమ్మే తీసుకునింది."

వెంకటసుబ్బులమ్మ కిటికీ పక్కన కూర్చొని ఉంది. ఏటేటా బిందె పట్టుకొని ముందు నిలబడే మనిషి ఆమే. అత్తను చూసి కిటికీ లోంచే రెండు చేతులూ జోడించింది.

"అన్నా, ఆ తలుపు చేయించింది ఈమె" అన్నాను నేను.

"నేను చేయించమన్నానా? కాశీకి ఉపయోగపడింది, పుణ్యం వస్తాదిలే. నువ్వు పోయి స్టీరింగ్ ఎక్కు."

తలుపు చూసుకుందామని అబ్రహాము కూడా వచ్చి ఉన్నాడు. అత్త తిన్నగా అతని దగ్గరికి పోయింది.

"తమ్ముడా, దాన్ని విప్పెయ్యి."

"ఏందక్కా?"

"బందు పీకెయ్. వంకర చెయ్. నువ్వే గదా చేసినావు, నీకు తెలుస్తాది యాడ కొడితే పోతాదో."

"అక్కా, ఇంతమంది ముందర..." అబ్రహాము ఒక అడుగు వెనక్కి వేశాడు. "చేసిన పనిని చెడగొట్టేది నాకు చేతకాదక్కా."

ఆమె వంగి, గుమ్మడికాయ పక్కన పడున్న టైరు రాడ్డు తీసుకొని తలుపును కొట్టింది. ఒక్కసారి. రంగు కూడా లేవలేదు. రాడ్డు ఆమె చేతిలోంచి ఎగిరి పడింది. కురిచేడు వాళ్ళు నవ్వారు. కరుణాకరం కూడా, "చెప్తి గదా, ఏనుగు గుద్దినా ఊడదని" అన్నాడు. యాత్రికులు ఏదో గొడవనుకొని కిటికీలు మూసుకున్నారు. నేను బస్సు కదిలించాను. అద్దంలో ఆమె మణికట్టు పట్టుకొని నిలబడి కనిపించింది, మలుపు తిరిగేదాకా.

తరవాత ఊళ్ళో జరిగింది కృష్ణయ్య మామ నాకు చెప్పాడు. అంత పొడుగు మాటలు ఆయన నోట వినడం నాకదే మొదలు. బస్సు పోయిన మర్నాడు ఊరి ఆడవాళ్ళు ఆమెను ఇంట్లో చూసి, "ఈ ఏడు కాశీకి పోలేదా గోవిందమ్మా?" అని అడిగారట. "ఈ ఏడే కాదు, ఏ ఏడూ పోలేదు" అని ఆమె మొత్తం చెప్పేసింది. పార్కింగు, తాడు, వంకాయలు, అన్నీ. చెబితే బరువు దిగుతుందనుకుంది కాబోలు.

"మరి మా చేత కాళ్ళెందుకు కడిగించుకుంటివే?" అని అడిగిందట పక్కింటి రత్నమ్మ.

ఆమె నోరు తెరిచేలోపే ఊరే చాలా జవాబులు చెప్పుకుంది. రెండేళ్ళుగా కంది ఎందుకు పండలేదో ఇప్పుడు తెలిసిందన్నారు. మొదటి విత్తనాలు ఎవరి చేత్తో పడ్డాయి మరి? ఆమె పేరు పిలిచిన పిల్లకు ఫిట్స్ వస్తుంటాయట, దానికీ ఇదే కారణమన్నారు. పెళ్ళి వంటలకు పిలవడం మానేశారు. వాన రాకపోవడానికి ఇంతకాలం దేవుణ్ణి తిట్టినవాళ్ళకు ఒక మనిషి దొరికింది. మామ కూడా పొట్టేలు సంగతి ఎత్తడం మొదలుపెట్టాడు.

నేను కాశీలో ఈసారి నిద్రపోలేదు. ఆటో ఎక్కి గంగకు పోయి, మునిగి, ఒక ప్లాస్టిక్ క్యాను నిండా నీళ్ళు పట్టి మూత బిగించాను. తిరిగొచ్చాక దాన్ని మోసుకొని వాళ్ళ ఊరికి పోయాను. ఊరి మొదట్లో వెంకటసుబ్బులమ్మ కాళ్ళు కడుగుతున్నారు. బిందెలు చాలానే ఉన్నాయి. అత్త అక్కడ లేదు. దొడ్లో గొర్రెలకు తొట్టి కడుగుతోంది.

"అత్తా, నీకు రానియ్యకపోతేనేం, గంగే వచ్చింది సూడు. మూత తీస్తే ఉరికి నీ మీద దూకుతుంది" అన్నాను, ఎప్పటిలాగే.

ఆమె క్యాను వైపు చూసింది. "ఏం చేసుకోవాల దీన్ని?"

"నెత్తిన పోసుకో. ఇంట్లోనే మునిగినట్టు."

"ఎవురికి చూపించేదానికి?"

"పోనీ దేవుని గూట్లో పెట్టుకో" అన్నాను.

ఆమె క్యాను అందుకొని మూత తీసింది. వాసన చూసింది. ఊరి మొదట్లోంచి ఆడవాళ్ళ పాట వినిపిస్తోంది. క్యాను వంచి నీళ్ళన్నీ తొట్టిలో పోసేసింది. ఆఖరి చుక్క కూడా దులిపింది. గొర్రెలు తోసుకుంటూ వచ్చి మూతులు పెట్టాయి.

"అత్తా, ఏం పని ఇది?"

"వాటికి దప్పికగా ఉండాది రా. పొద్దున్నుంచి నీళ్ళు లేవు" అంది. ఖాళీ క్యాను నా చేతిలో పెట్టింది. "తీసకపో. గట్టి క్యాను. కురిచేడోళ్ళకు నూనె పోసుకునే దానికి పనికొస్తాది."